పాలకు చీకటి గది, బువ్వకు పంక్తి

పళ్ళొచ్చే బిడ్డకు పాలివ్వడం ఒక పని, బువ్వ పెట్టడం వేరే పని. రెండిటికీ ఒకే ఉపాయం నడవదు. ఇంగ్లండులో, మిల్టన్ కీన్స్‌లో పుట్టిన మా బుజ్జిగాణ్ణి తొమ్మిదో నెలలో తిరునాళ్ళకని కారంపూడి తీసుకెళ్ళినప్పుడు నాకీ సంగతి బాగా తెలిసొచ్చింది.

అప్పటికి వాడికి కింద రెండు పళ్ళు వచ్చాయి. పైచిగురు ఉబ్బి ఉంది. చొంగతో చొక్కా ఎప్పుడూ తడే. నాలుగు గుక్కలు తాగి తల తిప్పేసేవాడు. వీధిలో మేకలు, బస్సు హారను, మా నాన్న దగ్గు, ఏది వినపడినా అటే చూపు. ఈ వయసు పిల్లలకు ప్రతి చప్పుడూ వింతే. పైగా చప్పరించినప్పుడల్లా వాచిన చిగుళ్ళు సలుపుతాయి. ఆకలేస్తుంది, తాగబోతే నొప్పి. దాన్ని మొండితనం అనేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

మా ఊళ్ళో పల్నాటి వీరుల ఉత్సవాలు కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు సాగుతాయి. ఆ రోజుల పేర్లు వరసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊరంతా డప్పుల మోత. అంత సందడిలో వాడు రొమ్ము నోట పెట్టుకోలేదు. మా అమ్మ చూసి, "వీధి మొగాన కూర్చుంటే వాడేం తాగుతాడే? వెనక గదిలోకి తీసకపో. తలుపు దగ్గరకెయ్యి. నువ్వు కూడా మాట్లాడమాకు" అంది. చేతులు కడుక్కొచ్చి, తన చూపుడువేలితో వాడి చిగురు మెల్లగా రుద్ది నా ఒళ్ళో పెట్టింది. నిద్ర ముంచుకొచ్చే వేళ, నిద్ర పూర్తిగా వదలని వేళ చూసుకుని ఆ చీకటి గదిలో ఇస్తే కడుపు నిండా తాగాడు.

చిగుళ్ళకు ఇంగ్లండులో మా హెల్త్ విజిటర్ చెప్పిందీ ఇంచుమించు ఇదే. శుభ్రమైన వేలితో రుద్దమంది, కొరకడానికి ఇచ్చే రింగును ఫ్రిజ్‌లో చల్లబరచమంది, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దంది. తిమ్మిరెక్కించే జెల్ జోలికి నేను పోలేదు. బెంజోకెయిన్ ఉన్న పళ్ళ జెల్ రెండేళ్ళ లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా హెచ్చరించింది.

బువ్వ సంగతి పాలకు పూర్తిగా తిరగేసి ఉంది. మిల్టన్ కీన్స్ వంటింట్లో వాడు ఎత్తు కుర్చీలో, నేను ఎదురుగా చెంచాతో. ఇద్దరమే. నోరు బిగించేసేవాడు. కారంపూడిలో మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. కులమేదైనా ఒకే చాప మీద కూర్చుని తినాలని పన్నెండో శతాబ్దంలో పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు పెట్టిన పంక్తి అది. ఆ పూట మా ఇంట్లోనూ చుట్టాలందరికీ ఒకే వరసన విస్తళ్ళు వేశారు. ఉప్పూకారం వెయ్యకముందే తీసిన పప్పుతో అన్నం మెత్తగా మెదిపి, నెయ్యేసి, అమ్మ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వాడు అందరి నోళ్ళూ చూశాడు. తనూ చెయ్యి పెట్టి కెలికాడు. ముద్ద తరవాత ముద్ద, వాడే నోరు తెరిచాడు. చాలనిపించి మొహం తిప్పుకోగానే అమ్మ ఆపేసింది. "వాడి కడుపు వాడికి తెలీదా, బలవంతం చెయ్యమాకు."

ఆ మాటకు కృష్ణకు అవతలి ఒడ్డున, నల్గొండ జిల్లాలో, రుజువు దొరికింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అక్కడి 60 పల్లెల్లో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. ఏం పెట్టాలో తల్లులకు నేర్పిన పల్లెల్లో పిల్లల తిండి మెరుగుపడింది. దాంతోపాటు బిడ్డ సైగలు కనిపెట్టి ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పిన పల్లెల్లో బుద్ధి వికాసమూ పెరిగింది.

అందుకే ఫోన్లో బొమ్మలు చూపించి తినిపించడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు. చందమామను చూపించే అమ్మమ్మ, బిడ్డ ఇద్దరూ ఒకేవైపు చూస్తారు, మధ్యలో మాటుంటుంది. ఫోను చూసే బిడ్డకు నోట్లోకి ఏం పోతోందో, కడుపు ఎప్పుడు నిండిందో తెలీదు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఒక్క విషయంలో అమ్మతో వాదించాను. రాగిజావ పలచగా కాస్తుంది. చెంచాలోంచి జారిపోయే జావతో చిన్న పొట్ట నిండుతుంది గానీ బలం చాలదు. చెంచాలో నిలిచేంత చిక్కగా ఉండాలి. ఆరో నెల దాటాక తల్లిపాలలోని ఇనుము సరిపోదు కనుక పప్పు, బాగా ఉడికిన గుడ్డు, మెత్తటి మాంసం కావాలి. తొమ్మిదో నెల నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు బువ్వ, పాలు మామూలే. చిగుళ్ళు మరీ సలిపే రోజు చల్లటి పెరుగన్నం హాయిగా దిగుతుంది. మధ్యలో గిన్నెతో రెండు గుక్కలు కాచి చల్లార్చిన నీళ్ళు.

మా వైపు విరేచనాలైనా, జ్వరమొచ్చినా పళ్ళ మీదకు నెట్టేస్తారు. ఇది ప్రమాదం. 38 డిగ్రీలు దాటిన జ్వరాన్ని పళ్ళ జ్వరం అనుకోకూడదు. తడి డైపర్లు తగ్గినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, మాడు గుంటపడినా వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అవేవీ లేక, ఒక పూట తినకపోతే కంగారు అక్కర్లేదు. ఇంగ్లండులో ప్రతి బిడ్డకూ ఇచ్చే రెడ్ బుక్‌లో బరువు గీత నెలల తరబడి ఎటు పోతోందో చూడాలి.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే ఆర్నెల్లే ఉండగలరు. ఆ తరవాత ఇంట్లో పంక్తి ఉండదు. అందుకని శనివారం మధ్యాహ్నాలు మా వీధిలోని తెలుగు కుటుంబాలు రెండు మా ఇంటికొస్తున్నాయి, వాళ్ళకూ పళ్ళొచ్చే పిల్లలే. హాల్లో దుప్పటి పరిచి పెద్దాచిన్నా అందరం కిందే కూర్చుంటున్నాం, ఫోన్లు వంటింట్లో పెట్టేసి. పిల్లలు ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెడుతున్నారు. పాలడిగిన బిడ్డను తీసుకుని తల్లి మేడ మీద గదిలోకి వెళ్తుంది, కర్టెన్లు ముందే వేసి ఉంచుతాను.