వెలుగు సోకిన సూదిమొన

చూపు అనగానే మనకు కన్ను జ్ఞాపకం వస్తుంది. కాని చీకటి గదిలో అగ్గిపెట్టె వెదకే మనిషికి చూపు వ్రేళ్ళ కొసలలో ఉంటుంది. బ్రెయిలీ పుటపై వ్రేళ్ళు నడిపించే అంధ విద్యార్థి స్పర్శతోనే చదువుతాడు. విజ్ఞానశాస్త్రం కూడా ఒక మేరకు మించి కంటిని నమ్ముకొనలేక స్పర్శను ఆశ్రయించింది.

తెలుగు బోధించే నాకు ఈ విషయంతో ఏమి పని అని పాఠకులు సందేహించవచ్చు. గత సంవత్సరం బి.యస్సీ. చివరి తరగతి విద్యార్థి ఒకడు ఒక ఇంగ్లీషు వ్యాసం తెచ్చి, "సార్, దీన్ని తెలుగులో చెప్పటానికి వీలవుతుందా? లేక ఇటువంటివి మన భాషలకు అందనివేనా?" అని అడిగాడు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. అతని ప్రశ్నలో జిజ్ఞాసతోపాటు దిగులు కూడా వినిపించింది. ఆ దిగులుకు నిఘంటువు ఇచ్చే సమాధానం చాలదు. అందుచేత రసాయనశాస్త్రం బోధించే మిత్రుని సహాయంతో విషయాన్ని మొదటి నుండి తెలుసుకున్నాను.

మామూలు సూక్ష్మదర్శిని వెలుగుతో చూస్తుంది. వెలుగు తరంగం కంటె బాగా చిన్నవైన వస్తువులు దానికి విడివిడిగా కానరావు. 1986లో గెర్డ్ బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టఫ్ గెర్బర్ అనే శాస్త్రజ్ఞులు తడిమి చూచే పరికరాన్ని లోకానికి తెలియజేశారు. దాని పేరు అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్. పరమాణు బల సూక్ష్మదర్శిని అనవచ్చు. ఒక కొస బిగించిన సన్నని పలక, దాని రెండవ కొసన సూదిమొన. నేడు వాడే మొనల కొస వ్యాసార్ధం సుమారు 10 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మొన ఉపరితలాన్ని తడుముతుంటే పలక వంగుతుంది. పలక వీపు మీద పడి మరలే లేసరు కిరణం ఆ వంపును కొలుస్తుంది.

మా అబ్బాజాన్ దర్జీ పని చేసేవారు. కంట్లో శుక్లాలు ముదిరిన రోజులలో కూడా గుడ్డను రెండు వ్రేళ్ళ నడుమ నలిపి, పాప్లినో టెరికాటనో చెప్పేవారు. వేసవిలో మాత్రం ముందుగా వ్రేళ్ళకు సుద్దపొడి రాచుకొనేవారు. "చెమట వ్రేలికి అన్ని గుడ్డలూ ఒకటే" అనేవారు. తాకేదాని సంగతి తెలియాలంటే తాకే వ్రేలి మీద ఏమున్నదో కూడా చూచుకోవాలని ఆయనకు తెలుసు.

1994లో హార్వర్డులో చార్లెస్ లీబర్ బృందం ఆచరణలో పెట్టినది ఈ సూత్రమే. సూదిమొనకు బంగారు పూత వేసి, గంధకం కొసగా గల అణువులను దానిపై వరుసగా నిలబెట్టారు. గంధకం బంగారాన్ని పట్టుకొని ఉంటుంది. పైకి ఉన్న కొస నీటిని కోరేదైతే మొన ఒక విధంగా అంటుకుంటుంది, నీటిని విడిచేదైతే మరొక విధంగా. కాని ఒకసారి వేసిన పూత మారదు. వేరు స్పర్శ కావాలంటే వేరు మొన కావాలి.

ఇక్కడ వెలుగు ప్రవేశిస్తుంది. అజోబెంజీన్ అనే అణువు అద్దకపు రంగులలో ఒక పెద్ద కుటుంబానికి మూలం. సాధారణంగా అది నిటారుగా చాచుకొని ఉంటుంది. అది ట్రాన్స్ రూపం. అతినీలలోహిత కాంతి సోకితే మోకాలు ముడిచినట్లు వంగి సిస్ రూపం పొందుతుంది. పొడవు సుమారు 0.9 నుండి 0.55 నానోమీటరుకు తగ్గుతుంది. నీలికాంతి గాని వెచ్చదనం గాని దానిని మరల నిటారు చేస్తుంది. ఈ ముడుచుకొన్న రూపాన్ని హార్ట్లీ 1937లోనే తెలిపాడు. ఇటువంటి అణువులను మొనపై నిలిపితే, మొన మార్చకుండానే వెలుగు మార్చి దాని స్పర్శను మార్చవచ్చు.

2002లో మ్యూనిచ్ నగరంలో హెర్మన్ గౌబ్ బృందం ఇంకొక అడుగు వేసింది. అజోబెంజీన్ తునకలను గొలుసుగా కూర్చిన ఒకే ఒక అణువును మొనకూ గాజుపలకకూ నడుమ కట్టి, వెలుగుతో దానిని ముడిచారు, చాచారు. బలం లాగుతున్నా ఆ గొలుసు కుదించుకొని పలకను వంచింది. ఒంటరి అణువు వెలుగును తిని పని చేసిందన్నమాట!

చిక్కులు లేకపోలేదు. బంగారు పూత గల పలక వెలుగు వేడికే వంగుతుంది. అది అణువు చేసిన పని అని భ్రమపడే ప్రమాదమున్నది. అణువులు మరీ దగ్గరగా నిలిస్తే, కిక్కిరిసిన బస్సులో నిలబడినవాని వలె మోకాలు ముడవటానికి చోటుండదు. అందుకని నడుమ నడుమ పొట్టి అణువులను నిలుపుతారు.

ఇది ఎక్కడి వింతో కాదు. ఈ పుట చదువుతున్న మీ కంటిలోనూ రెటినాల్ అనే అణువు వెలుగు సోకగానే తన వంపును విప్పుకుంటున్నది. చూపు అక్కడే మొదలవుతుంది. కాగా కన్ను కూడా ఒక విధంగా వెలుగును స్పృశించేదే.

ఆ విద్యార్థి ఈ విషయాన్ని తెలుగులో వ్రాశాడు. తరువాత ఉర్దూలో తానే వ్రాసుకొని మిత్రులకు చదివి వినిపించాడు. కొన్ని మాటలు ఇంగ్లీషువే ఉండిపోయాయి. అందులో చిన్నతనమేమీ లేదు. వాటి చుట్టూ అల్లిన అర్థం అతనిది. అతడు మరల ఆ ప్రశ్న వేయలేదు.

విద్యార్థులారా, మీ భాష విజ్ఞానానికి అడ్డు అని ఎవరు చెప్పినా నమ్మకండి. మీరు లోకాన్ని తడిమే వ్రేలికొస అదే. కళాశాల సంఘం వారికి ఒక మనవి: రెండు భాషలలోను విజ్ఞాన గ్రంథాలకు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించండి. చదివేవారు ఉన్నారు, నాకు తెలుసు.