మెతుకుసీమలో నిరీక్షణ

తెలంగాణమునందలి మెదకు పట్టణమునకు మెతుకు అని పూర్వనామము. ఆ చుట్టుప్రక్కల ప్రాంతమంతయు మెతుకుసీమ యని నేటికిని వ్యవహరింపబడుచున్నది. హైదరాబాదునుండి ఉత్తరముగా సుమారు నూరు కిలోమీటర్లు పోయినచో, చెరువుల క్రింది వరిమళ్లును, ఏనుగుల గుంపులవలె నిలిచిన గుండ్ల గుట్టలును దాటినపిదప, పాతకోట గల కొండ యొకవంకను, 175 అడుగుల గోపురము వేఱొకవంకను కానవచ్చును. ఆ గోపురము దక్షిణ ఇండియా సంఘమువారి మహాదేవాలయమునకు చెందినది. మొన్నటి వేసవి సెలవులలో మాకు దాని దర్శనము లభించినది.

రాతితో కట్టిన ఈ మందిరము 200 అడుగుల పొడవును, 100 అడుగుల వెడల్పును గలది. లోపల నడుగిడినతోడనే వెలుపలి యెండను మఱచిపోదుము. నున్నని రంగుపలకల నేలయు, ఎత్తైన స్తంభములును కన్నుల కింపు గొల్పును. అయిదువేలమంది యొక్కపరి ప్రార్థన చేయుటకు తావున్నదందురు. అయినను ఆ సౌందర్యముకంటె ఆ మందిరము పుట్టుకయే నా మనస్సును పట్టి నిలిపినది.

పని మొదలైనది 1914లో. ఆ యేడే ఐరోపాలో మహాయుద్ధము చెలరేగెను. 1918లో దేశమున వర్షములు వెనుదీసెను. ఇన్‌ఫ్లుయెంజా యను విషజ్వరము ఆ యేటనే ఎన్నో యిండ్ల దీపముల నార్పెను. ఈ సీమలో వాన లేక పైరు లేదు, పైరు లేక పని లేదు, పని లేనివానికి గంజి లేదు. మెతుకు పేరు గల నేలలో మెతుకే కఱవయ్యెను. వెస్లియను మిషనులో బోధకులగు చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు బీదలను పిలిచి, మందిర నిర్మాణమున పని కల్పించి, దానికి బదులుగా అన్నము పెట్టించిరి. భిక్షాన్నము ఆకలిని తీర్చునేకాని అభిమానమును నిలుపజాలదు. పనిచేసి తిన్నవారు తలయెత్తుకొని యింటికి పోవుదురు. ఇట్లు పదియేండ్లు గడచినపిమ్మట, 1924 డిసెంబరు 25వ తేది, క్రిస్మసునాడు మందిరము ప్రతిష్ఠింపబడెను. 2024లో దానికి నూరేండ్లు నిండినవి.

ఆనాడు రాళ్లు మోసిన తల్లులను నేను తలచుకొంటిని. చంటిబిడ్డను చెట్టునీడ పరుండబెట్టి తట్ట నెత్తికెత్తుకొన్న యామెకు, వచ్చే యేడు వాన కురియునో లేదో తెలియదు. గోపురము లేచువఱకు తాను బ్రతుకుదునో లేదో తెలియదు. తెలిసినది నేటి రాయియు, నేటి కూడును మాత్రమే. మన గ్రంథమున నిరీక్షణ యని చెప్పబడినది యిట్టిదే కాబోలు. మేలు తప్పక కలుగునని ముందుగా నెఱిగి కూర్చుండుటకు నిరీక్షణతో పని యేమి?

సారెపతు విధవరాలి కథ క్రైస్తవ గృహములలో పిల్లలు సైత మెఱుగుదురు. కఱవుకాలమున తొట్టిలో పట్టెడు పిండియు, బుడ్డిలో కొంచెము నూనెయు మిగిలియుండగా, బిడ్డతో కడపటిసారి తిని చావనెంచి పుల్ల లేరుకొనుచుండిన యామె, ప్రవక్తయగు ఏలీయాకు ముందుగా అప్పము చేసి పెట్టెను. పిండి తక్కువ కాలేదు, నూనె యడుగంటలేదు. కాని తొట్టి పొంగిపొరలినట్లు గ్రంథమున లేదు. ఏనాటి కానాటికి చాలినంతయే యుండెను. భాగవతమున రంతిదేవుడు నలువదియెనిమిది దినముల పస్తు పిదప దొరికిన యన్నమును, నీటినిగూడ అతిథుల కిచ్చివేసిన ఘట్టము చదివినప్పుడెల్ల నాకీ విధవరాలు జ్ఞప్తికి వచ్చుచుండును.

మందిరములో మూడు గొప్ప రంగుటద్దపు కిటికీలు గలవు. ప్రభువుయొక్క ఆరోహణమును చూపునది 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువ శ్రమను చూపునది 1958లోను అమర్చబడినవి. వెలుపలినుండి చూచినచో అవి మసిబారిన పలకలవలె నుండును. లోపల నిలిచి, పగటివేళ చూచినప్పుడే వాని వర్ణములు వెలుగొందును. ప్రతిష్ఠనాటికి ఈ చిత్రములలో ఒక్కటియు లేదు. కడపటిది వచ్చుటకు మఱి 34 ఏండ్లు పట్టినది. రాళ్లు మోసినవారిలో ఎందఱో వీనిని చూడకయే కన్నుమూసియుందురు.

సిలువ చిత్రము నెదుట మోకరించియుండిన యొక ముదుసలితో తరువాత మాటలాడితిని. "మా తాత ఈడ రాళ్లు మోసి మా నాయనను బతికిచ్చిండట, బిడ్డా" అనెను. ఆమె కుమారుడు కూలిపనికై గల్ఫుదేశమునకు పోయెనట. మూడు నెలలుగా ఫోను లేదట. "వచ్చునని మీకు ధైర్యమున్నదా, అమ్మా?" యని యడిగితిని.

"వస్తడో రాడో నాకెట్ల ఎరుక, బిడ్డా? ఇద్దరు మనుమలున్నరు. తెల్లారితే పొయ్యి ముట్టియ్యాలె. పక్కింటి ముసలామెకు కండ్లు కనబడయి, ఆమెకు గూడ ఇంత బువ్వ పెట్టాలె. దేవుడు నా చెయ్యి ఇడువలే, గంతే."

ఆమె నోదార్చుటకు నాకు మాట తోచలేదు. ఆమె ప్రక్కనే నేనును మోకరించితిని.

సోదరీమణులారా! వానరాకడకై మబ్బువంక చూచు రైతు ఇల్లాలు, ఉద్యోగము దొరకని కొడుకును చూచి కుములు తల్లి, రోగి మంచముచెంత రాత్రులు గడుపు భార్య, వీరిలో రేపటి సంగతి నెఱిగినవా రెవరు? నేటి పొయ్యి వెలిగించుటయు, ఎసటిలో ఒక పిడికెడు బియ్య మెక్కువగా పోయుటయు మన చేతిలోనే యున్నవి. మెదకునకు పోవువారు పగటివేళనే పోవుడు. ఆ కిటికీల వెలుగులో కొంతసేపు కూర్చుండి, వెలుపలికి వచ్చునప్పుడు గోడల రాళ్లను ఒకపరి చేతితో తాకి చూడుడు. ఆ రాళ్ల వెనుక, కఱవునాట ఎన్నో కుటుంబములకు దొరికిన యన్నము గలదు.