సగం పేజీ

మా మావకి మైపాడు దగ్గర రెండు రొయ్యల గుంటలున్నాయి. రేటు కోసం రోజూ నలుగురు ఏజెంట్లకి ఫోన్లు చేసుకునే ఆయన అవస్థ చూడలేక, ఒక సెలవురోజు గో భాషలో చిన్న పేజీ రాసిచ్చాను. 30 కౌంటు నుంచి 100 కౌంటు దాకా, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన, 8 వరసలు. మూడు నెలలు బాగానే నడిచింది.

ఒకరోజు పొద్దున 70 కౌంటు రేటు రాలేదు. టెంప్లేట్ ఆ వరస దగ్గర ఎర్రర్‌తో ఆగిపోయింది. ఈలోపు పైన ఉన్న 4 వరసలూ ఫోన్‌కి వెళ్ళిపోయాయి. బ్రౌజర్ మంచితనం సంగతి తెలిసిందేగా, మనం మూయని టేబుల్‌ని తనే మూసేసి చక్కగా చూపించింది. స్టేటస్ కోడ్ కూడా 200, అంటే అంతా సవ్యమే అని. మావ గుంటలో ఉన్నది 90 కౌంటు సరుకు. పట్టుబడికి మనుషులు అప్పటికే దిగేశారు. ఈరోజు చిన్న కౌంటు ఎవరూ కొనట్లేదు కామోసు అనుకుని, గట్టు మీదికొచ్చిన ఏజెంటుకి కిలోకి 30 రూపాయలు తక్కువకి ఇచ్చేశాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "ఏంది అబ్బయ్యా, పక్క గుంటోళ్ళకి రేటు వచ్చిందంట. నీ దాంట్లో లేదే?"

లాగ్ చూడగానే తప్పు దొరికింది. గోలో టెంప్లేట్‌ని ఎగ్జిక్యూట్ చేసేటప్పుడు, ఎక్కడికి రాయాలో మనమే చెప్పాలి. నేను నేరుగా రెస్పాన్స్‌కే రాయించాను. మధ్యలో ఎర్రర్ వస్తే అప్పటిదాకా రాసింది వెనక్కి రాదు. ఈ మాట డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, నేనే చదవలేదు. ముందు మెమరీలో ఒక బఫర్‌లోకి రాయించి, చివరిదాకా వచ్చాకే పంపాలి. రాకపోతే 500 కోడ్‌తో 'రేట్లు రాలేదు' అని ఒక్క ముక్క చెప్పాలి. నాలుగు లైన్ల పని. ఏళ్ళపాటు జాంగోలో రాశాను. అది మామూలుగా పేజీ మొత్తం తయారయ్యాకే పంపుతుంది కాబట్టి, ఇలాంటి గొడవ ఒకటుంటుందని నాకు తట్టలేదు.

బఫర్ ఊరికే రాదు. మెమరీ తింటుంది, ఆఖరి వరస పూర్తయ్యేదాకా మొదటి అక్షరం కూడా కదలదు. అందుకే పెద్ద పేజీల్ని కావాలనే ముక్కలుగా పంపుతారు. 8 వరసలకి ఆ తొందర దేనికి?

తొందర నా అలవాటే. పుస్తకం సగంలో ఉండగానే అభిప్రాయం పోస్ట్ చేసేస్తాను. చదివేవాళ్ళు దాన్ని పూర్తి సమీక్ష అనుకుంటారు. బ్రౌజర్‌లాగే వాళ్ళూ మంచివాళ్ళు.

తర్వాతి వారం ఊరెళ్ళి, బకింగ్‌హామ్ కాలవ గట్టున కూర్చుని మావకి బఫర్ అంటే ఏంటో చెప్పాను. "ఈ కాలవ మాదిరా?" అన్నాడు. 2004 డిసెంబరు 26న సునామీ నీళ్ళు ఈ కాలవలోకే దిగాయి. పెదగంజాం నుంచి చెన్నై దాకా తీరం వెంబడి కాలవ నిండింది, కొన్నిచోట్ల పొర్లింది, కాసేపటికి నీళ్ళు తిరిగి సముద్రంలోకి పోయాయి. ఇవతలి ఊళ్ళకి ఆ మేరకు దెబ్బ తగ్గింది. పోలిక పూర్తిగా కుదరదు గానీ, నేను కాదనలేదు.

నష్టం నేనిస్తానంటే ఒప్పుకోలేదు.

"రేటు రాకపోతే రాలేదని చెప్పు. సగం మాత్రం చెప్పబాక" అన్నాడు.