గుంటమగ్గమూ, డాక్టరు బొటనవేలూ

పనిముట్టు మనిషి చేతిలో ఉంటుందంటాం. ఏళ్ళ తరబడి ఒకే పని చేసినవారిని చూస్తే, మనిషే పనిముట్టు చేతిలో ఉన్నాడనిపిస్తుంది.

వానను నమ్ముకోలేని అనంతపురం జిల్లాలో, మా ఉరవకొండలో ఎన్నో కుటుంబాలు మగ్గాన్ని నమ్ముకున్నాయి. మా అన్న కూడా అంతే. గుంటలో కాళ్ళు, ఒక చేత నాడె తాడు, మరో చేత పేకను దగ్గరకు కొట్టే పలక, రోజంతా వంచిన మెడ. నడుమునొప్పిని ఆయన ఎన్నడూ జబ్బుగా లెక్కపెట్టలేదు. నేతలో అదీ ఒక పోగే అనుకున్నాడు.

ఆయన కూతురు డాక్టరై, ఎండోస్కోపీలు చేస్తోంది. చూడబోతే ఆ పనీ ఒక విధంగా నేతే. ఎడమచేత పిడి పట్టుకొని, బొటనవేలితో చక్రాలు తిప్పుతూ గొట్టం కొనను వంచాలి. కుడిచేత గొట్టాన్ని నెట్టాలి, మెలితిప్పాలి. చిన్న చేతులవారికి ఆ చక్రాలను అందుకోవడమే ఒక శ్రమ. పిత్తనాళాలకు చేసే ఈఆర్‌సీపీ అయితే, ఎక్స్‌రేల నుంచి కాపాడే బరువైన సీసపు అంగీని కూడా మోయాలి.

మొన్న ఊరికి వచ్చినప్పుడు ఎడమచేత్తో కాఫీ గ్లాసు ఎత్తలేకపోతుంటే అడిగాను. "బయట అంతమంది కాచుకోని ఉంటే, నా వేలు నొప్పి అని చెప్పేదానికి నోరెట్ల వస్తుంది చిన్నాయనా?" అంది. అచ్చం వాళ్ళ నాన్న మాటే!

2025లో డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డిగారికి పద్మవిభూషణ్ ప్రకటించినప్పుడు తెలుగువారమంతా ఎండోస్కోపీని తలుచుకొని గర్వించాం. ఆ గొట్టం పట్టే చేతుల మాటేమిటి?

1957లో హిర్షోవిట్జ్ ఫైబర్ ఎండోస్కోపును వాడి చూపాక, ఎంతోకాలం డాక్టర్లు దాని చివర కన్ను ఆనించి, వంగి చూడవలసి వచ్చింది. 1983లో వీడియో ఎండోస్కోపు వచ్చి బొమ్మ తెరకెక్కింది. మెడ నిలబడే వీలు దొరికింది. కాని తెరను ఏ మూలనో పెడితే మెడ మళ్ళీ మెలిపడుతుంది.

అమెరికాలోని ఎండోస్కోపీ వైద్యుల సంఘం 2023లో ఈ గాయాల నివారణకే మార్గదర్శకాలు వెలువరించింది. చెప్పినవి బ్రహ్మవిద్యేమీ కాదు. తెర ఎదురుగా, చూపు కాస్త కిందికి వాలే ఎత్తులో ఉండాలి. మంచం మోచేతి ఎత్తుకో, కొద్దిగా కిందికో ఉండాలి. కాళ్ళకింద మెత్తటి పరుపుచాప వేసుకోవాలి. నడుమ నడుమ చేతులకు కాస్త విరామమివ్వాలి.

కష్టమంతా ఆ విరామం అడగడంలోనే ఉంది. మనం ఓర్పును పొగిడినంతగా ఒంటిని పట్టించుకోం. ఆ బొటనవేలు పనికిరాకుండా పోతే నష్టం బయట కాచుకున్నవారికే కదా! మా అన్న మగ్గాన్ని ఎవరూ ఆయన నడుముకు తగ్గట్టు మార్చలేదు. ఆయన కూతురి మంచానికి మాత్రం ఎత్తు మార్చే మీట ఉంది. నొక్కడానికి మొహమాటపడవద్దన్నాను.

రోజంతా కంప్యూటరు ముందు వంగి కూర్చునే మిత్రులకూ అదే మనవి.