షికాగోలో జోస్యాల కాలం

వంద రోజుల పోస్టర్లు పడే కాలంలో, కొత్త సినిమా విడుదలకి ముందురోజు మన ఊళ్ళలో ఎంత సందడిగా ఉండేదో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. టీ కొట్టు దగ్గర నలుగురు చేరేవారు. "బెజవాడలో వంద రోజులు ఖాయం, రాసుకో!" అని ఒకడు. "ముందు యాభై దాటనీ, అప్పుడు మాట్లాడు" అని ఇంకొకడు. సినిమా ఇద్దరూ చూడలేదు. అయినా తగువు మాత్రం అర్ధరాత్రి దాకా తెగేది కాదు.

అచ్చంగా అదే సందడి 2025 సెప్టెంబర్ ఆఖరున అమెరికాలోని షికాగో నగరంలో చూశాను. కాకపోతే అక్కడ హీరో సినిమా నటుడు కాదు, బేస్‌బాల్ జట్టు. పేరు షికాగో కబ్స్. కబ్ అంటే ఎలుగుబంటి పిల్ల అన్నమాట.

మా పెద్దమ్మ కొడుకు ఆ నగర శివార్లలో నేపర్‌విల్‌లో ఉంటున్నాడు. నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి పద్నాలుగేళ్ళ మావాడు - అన్నయ్య కొడుకు - వంటింటి బల్ల మీద తెల్లకాగితం పరిచి, స్కేలు పెట్టి గీతలు గీస్తున్నాడు. హోమ్‌వర్కేమో అనుకున్నాను. కాదుట. ఆ ఏడు ఎవరు గెలుస్తారో జోస్యం!

"చూడు బాబాయ్! మొత్తం ముప్ఫై జట్లు. ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. ఆఖరికి పన్నెండు మిగులుతాయి. అక్కణ్ణించే అసలు కథ" అని పాఠం మొదలుపెట్టాడు. వాడి తెలుగు కాస్త ఇంగ్లీషు యాసలో ఉన్నా, ఉత్సాహం మాత్రం స్వచ్ఛమైన గుంటూరుది. మొదటి మజిలీలో మూడు ఆటల్లో రెండు గెలవాలి. తర్వాత ఐదింట మూడు. ఆ పైన ఏడింట నాలుగు. చివరిది, రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్. అందులోనూ ఏడింట నాలుగు.

ఆరు నెలలు కష్టపడి తెచ్చుకున్న పేరు రెండు రోజుల్లో పోవచ్చు. ఇందులో ఉన్న తమాషా అదే, గుండెకోతా అదే! 2022లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ 111 ఆటలు గెలిచి, 89 గెలిచిన శాన్ డియాగో చేతిలో ఓడి ఇంటికెళ్ళారు. అంతెందుకు, 1906లో ఈ కబ్సే 116 ఆటలు గెలిచి, చివర్లో సొంత ఊరి జట్టు వైట్ సాక్స్ చేతిలో చిత్తయ్యారు. భారీ తారాగణం ఉన్నంత మాత్రాన సినిమా ఆడాలని ఎక్కడుంది?

మావాడి కాగితం మీద తేలిందేమిటంటే - కబ్స్ శాన్ డియాగో మీద గెలుస్తారు, తర్వాత మిల్వాకీ చేతిలో ఓడతారు, చివరికి ఫిలడెల్ఫియా విజేత. "మరి కబ్స్ నీ జట్టు కదరా?" అన్నాను. "అంకెలు అలా ఉన్నాయి బాబాయ్" అన్నాడు గంభీరంగా. మిల్వాకీ 97 గెలిచింది, కబ్స్ 92.

అన్నీ మ్యాటినీలే!

మర్నాడు సోమవారం, సెప్టెంబర్ 29. ఆటకి సెలవు. జనం లేనప్పుడు చూద్దామని నగరంలోకి వెళ్ళి, రెడ్‌లైన్ రైలెక్కి ఆడిసన్ స్టేషన్లో దిగాను. దిగితే ఎదురుగానే రిగ్లీ ఫీల్డు. 1914లో కట్టిన మైదానం. చుట్టూ ఇళ్ళు, దుకాణాలు, బార్లు - మన పాత ఊళ్ళలో బజారు మధ్యన సినిమా హాలు ఉన్నట్టు ఉంటుంది. వీధికి అవతలి మేడల మీద బెంచీలు కట్టి టిక్కెట్లు అమ్ముతారు. లోపల అవుట్‌ఫీల్డు గోడ నిండా 1937లో నాటిన తీగె అల్లుకుని ఉంటుంది. బంతి అందులో చిక్కుకుంటే కొట్టినవాడికి రెండు బేస్‌లు ఇస్తారు. ఆ ఏడాదే కట్టిన స్కోరుబోర్డుకి ఇవాళ్టికీ మనుషులే లోపల కూర్చుని చేత్తో అంకెలు మారుస్తారు. 1988 ఆగస్టు దాకా ఇక్కడ దీపాలే లేవు. అంటే డెబ్భై నాలుగేళ్ళ పాటు అన్నీ మ్యాటినీలే, ఫస్ట్‌షో అన్నమాటే లేదు!

గెలిచిన రోజు స్కోరుబోర్డు పైన తెల్ల జెండా ఎగరేస్తారు, మీద నీలం రంగు 'డబ్ల్యు' అక్షరం. రైల్లో ఇంటికెళ్ళేవాళ్ళు కిటికీలోంచి ఆ జెండా చూసి ఫలితం తెలుసుకునేవారుట.

మైదానం పక్కన పాత వీరుల విగ్రహాలున్నాయి. అందులో ఎర్నీ బ్యాంక్స్ విగ్రహం దగ్గర ఎవరైనా ఆగాల్సిందే. పంతొమ్మిది సీజన్లు ఒకే జట్టుకి ఆడి 512 హోమ్‌రన్లు కొట్టాడు. కానీ ఈ ప్లేఆఫ్ ఆట ఒక్కటంటే ఒక్కటి కూడా ఆడే యోగం లేకపోయింది. అయినా ఏటేటా ఆ సంవత్సరం అంకెకి ప్రాస కుదిర్చి, ఈసారి గెలుపు మాదే అని జోస్యం చెప్పేవాడు. 1969లో నిజంగానే గెలిచేలా కనిపించారు. సెప్టెంబర్‌లో కుప్పకూలారు. బ్యాంక్స్ 2015 జనవరిలో కన్నుమూశాడు. కబ్స్ గెలిచింది 2016లో!

సినిమా చెప్పిన జోస్యం

ఇక సినిమా సంగతి. మన ఆదిత్య 369 కంటే రెండేళ్ళ ముందు, 1989లో, రాబర్ట్ జెమెకిస్ తీసిన 'బ్యాక్ టు ద ఫ్యూచర్ - 2' వచ్చింది. అందులో హీరో కాలయంత్రంలో 2015 అక్టోబర్ 21కి వెళ్తాడు. అక్కడ వార్త - కబ్స్ వరల్డ్ సిరీస్ గెలిచారని! హీరో నోరు వెళ్ళబెడతాడు. హాల్లో అందరూ ఘొల్లున నవ్వారు. ఎందుకంటే కబ్స్ చివరిసారి గెలిచింది 1908లో. 1945లో ఓ బారు యజమాని తన మేకని ఆటకి తీసుకొస్తే మైదానంవాళ్ళు వెళ్ళగొట్టారనీ, అతను పెట్టిన శాపం తగిలిందనీ కథ.

నిజం 2015 అక్టోబర్ 21 వచ్చింది. సరిగ్గా ఆ రాత్రే కబ్స్ న్యూయార్క్ మెట్స్ చేతిలో వరసగా నాలుగో ఆట ఓడి పోటీలోంచి పోయారు. కానీ మరుసటి ఏడు క్లీవ్‌లాండ్ మీద మూడు-ఒకటి వెనకబడి, లేచి, ఏడో ఆటలో వాన పడి ఆగి, పదో ఇన్నింగ్సులో 8-7తో గెలిచారు. నూట ఎనిమిదేళ్ళ తర్వాత! సినిమావాళ్ళ గురి ఒక్క ఏడాది తప్పింది. మన జ్యోతిష్కుల్లో ఎంతమంది ఆమాత్రం దగ్గరికి రాగలరు చెప్పండి?

విగ్రహం పక్కన బెంచీ మీద నీలం టోపీ పెట్టుకుని ఓ ముసలాయన కూర్చున్నాడు. ఎనభై ఉంటాయి. పలకరించాను. "ఈసారి ఎవరండీ?" అన్నాను. "కబ్స్! శాన్ డియాగోని మూడు ఆటల్లో, మిల్వాకీని నాలుగు ఆటల్లో..." అని చివరిదాకా తడుముకోకుండా చెప్పేశాడు.

"ఏటా ఇలాగే చెప్తారా?" అన్నాను.

"మా నాన్న చెప్పేవాడు. బతికున్నన్నాళ్ళూ ఒక్క ఏడూ మానలేదు. ఒక్కసారీ నిజం కాలేదు. నేను మానేస్తే ఆయన ఊరుకోడు" అని నవ్వాడు.

2016లో ఆ వారమంతా జనం వచ్చి ఈ ఇటుక గోడల మీద రంగు సుద్దముక్కలతో పేర్లు రాశారు. చాలావరకు చనిపోయినవాళ్ళ పేర్లు - తాతలు, నాన్నలు, అమ్మమ్మలు. గెలుపు చూడకుండానే పోయినవాళ్ళు. ఈయనా తండ్రి పేరు రాశాడుట. చేతికి అందినంత ఎత్తులో చోటు లేక, ఎవరో కుర్రాడి భుజం పట్టుకుని నిచ్చెనెక్కి రాశానన్నాడు. తర్వాత గోడ కడిగేశారు. "కడిగితే ఏం, రాశాను కదా" అన్నాడు.

ఫలితాలు

పాఠకులు అడుగుతారు కాబట్టి చెప్తాను. శాన్ డియాగో మీద కబ్స్ మూడు ఆటల్లోనే గెలిచారు. ముసలాయన మాట అక్షరాలా నిజమైంది. తర్వాత మిల్వాకీతో ఐదో ఆట దాకా లాగి, అక్టోబర్ 11 రాత్రి 3-1తో ఓడారు. మావాడి మాట నిజమైంది. వాడి విజేత ఫిలడెల్ఫియాని డాడ్జర్స్ ఇంటికి పంపారు. ఆ డాడ్జర్సే చివర్లో టొరంటో మీద ఏడో ఆట, పదకొండో ఇన్నింగ్సులో గట్టెక్కి వరల్డ్ సిరీస్ ఎగరేసుకుపోయారు.

ఆ పదకొండో తారీఖు రాత్రి నేను అన్నయ్య వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆఖరి బ్యాట్స్‌మన్ అవుటయ్యాడు. మావాడు టోపీ కళ్ళ మీదకి లాక్కుని కూర్చున్నాడు. ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు.

"ఓడతారని నువ్వే రాశావు కదరా" అన్నాడు అన్నయ్య.

"రాశాను నాన్నా. కానీ నిజమవాలని రాయలేదు."

వదిన వాడి ముందు పెరుగన్నం గిన్నె పెట్టి టీవీ కట్టేసింది.

అక్టోబర్‌లో మీరెప్పుడైనా షికాగో వెళ్తే, ఆటకి టిక్కెట్టు దొరక్కపోయినా దిగులుపడకండి. రెడ్‌లైన్ ఎక్కి ఆడిసన్‌లో దిగండి. నీలం టోపీ పెట్టుకున్న మనిషి ఎవరైనా సరే, "ఈసారి ఎవరు?" అని అడగండి. తీరిక చేసుకుని మరీ అడగండి - జవాబు గంటకి తక్కువ పట్టదు.