బాయి పాటకు బీరువా ఏది?

రామగుండం స్టేషన్లో రైలు దిగి ఆటో ఎక్కితే కాసేపట్లో గోదావరిఖని చౌరస్తా వస్తుంది. ఇక్కడ అడ్రసు అడిగితే చాలాచోట్ల అంకెలే చెబుతారు. ఫైవింక్లైన్, ఎయిటింక్లైన్ కాలనీ... గని నంబరే కాలనీ పేరు. గని అనేది కూడా కాగితాల్లోని మాటే, జనం నోట అది ‘బాయి’.

వేసవిలో సింగరేణిలో ట్రైనింగుకొచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ ఊరికి కొత్తకాదు. మరి పాటల కోసం ఎవరైనా వస్తే? సంగీత గ్రంథాలయంలో ఇంటర్న్‌షిప్ అనగానే కృతుల పుస్తకాలు సర్దడం, పాత రికార్డుల దుమ్ము దులపడమే గుర్తొస్తాయి. కానీ 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న ‘ఆర్కైవ్స్ అండ్ రిసెర్చ్ సెంటర్ ఫర్ ఎథ్నోమ్యూజికాలజీ’లో జానపదుల గొంతులకూ అంతే మర్యాద. అక్కడి పద్ధతులు బొగ్గుబాయి పాటలకూ పనికొస్తాయి.

1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైతే, గోదావరి ఒడ్డున ఈ గనులు తెరిచేసరికి 1960లు వచ్చాయి. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు మూటతోపాటు బతుకమ్మ పాటల్నీ, ఒగ్గుకథల్నీ, నాట్ల పాటల్నీ తెచ్చుకున్నారు. తట్టా చెమ్మాస్‌తో టబ్బులు నింపిన చేతులే సాయంత్రం డప్పు పట్టాయి. యూనియన్ మీటింగుల్లో పాట లేనిదే ఉపన్యాసం రక్తికట్టేది కాదు. ‘ఊరు మనదిరా’ రాసిన గూడ అంజయ్య (1955-2016) పుట్టిన లింగాపురం కూడా గోదావరికి అవతల, దండేపల్లి మండలంలోనిదే.

బాయిలో చెవికి ఇంకో పని కూడా ఉంది. పైకప్పును కడ్డీతో తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగిందంటే పొర విడిపోయిందని, అక్కడ నిలబడకూడదని అర్థం. శబ్దాన్ని పోల్చుకోవడం మీద ప్రాణం ఆధారపడిన మనుషులు వీళ్లు. పాటల భాండాగారానికి ఆ మోత కూడా విలువైనదే!

బిరుదురాజు రామరాజు లాంటివాళ్లు ఊరూరా తిరిగి జానపద గేయాలు సేకరించి పుస్తకాల్లోకి ఎక్కించారు. మాటలు బతికాయి. బాణీని మాత్రం అచ్చు పట్టుకోలేదు. దాన్ని పట్టుకున్నది తర్వాత ఇంటింటికీ వచ్చిన టేప్‌రికార్డరే. అందుకే ఇక్కడ ఇంటర్న్ మొదటి పాఠం క్యాసెట్‌తోనే. దొరికిన వెంటనే ప్లే నొక్కకూడదు. ముందు వెనక అంచునున్న రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచెయ్యాలి, అప్పుడు పొరపాటున కూడా దానిమీద మరోటి రికార్డవదు. టేపుకు బూజు పట్టిందేమో చూడాలి. అరవై నిమిషాల క్యాసెట్‌ను కంప్యూటర్‌కి ఎక్కించాలంటే అరవై నిమిషాలూ కూర్చుని వినాల్సిందే. ఆపైన రిజిస్టరు: పాడిందెవరు, ఏ ఊరు, ఏ బాయి, ఏ షిఫ్టు, ఎవరి పెళ్లిలో పాడారు, దాచుకోవడానికి ఒప్పుకున్నారా... ఈ వివరాల్లేని పాట తప్పిపోయిన పిల్లాడి లాంటిది. గొంతు ఉంటుంది, ఇల్లు తెలియదు.

తొందర దేనికంటే, ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాక తట్టా చెమ్మాస్ పని పోయింది. ఓపెన్‌కాస్టుల కోసం కొన్ని ఊళ్లే ఖాళీ అయ్యాయి. రిటైరైనవాళ్లు కంపెనీ క్వార్టరు వదలాలి. సామాను లారీకెక్కేటప్పుడు టీవీకీ మంచానికీ చోటుంటుంది. మూలనున్న క్యాసెట్ల సంచి పాతసామాన్లవాడి తక్కెడలోకి పోతుంది.

వెళ్లాలనుకుంటే మధ్యాహ్నం వద్దు. మే నెలలో ఇక్కడ ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటే రోజులుంటాయి. పైగా అది షిఫ్టు మారే వేళ. పొద్దు గుంకాక క్వార్టర్ల ముందు మంచాలు పడతాయి, అప్పుడు వెళ్లాలి. తాతనే కాదు, అవ్వనూ అడగాలి. బతుకమ్మ పాటలు ఆమె దగ్గరే ఉంటాయి. ‘‘నాకేం పాటలస్తయి బిడ్డా’’ అంటుంది ముందు. చాయ్ అయ్యేదాకా కూర్చుంటే సరి.