ఆలస్యముగా నచ్చైన పాటలు

మా యత్తగారి పుట్టినిల్లు కోనసీమ. పెండ్లిపాటలు, మంగళహారతులు, లాలిపాటలు వారికి కంఠస్థములు. వానిని వ్రాసికొన్న పుస్తకము పుట్టినింటి పెట్టెలో నుండగా, 1986 ఆగస్టు వరదలో తడిసి, అక్షరములు పెక్కుచోట్ల నలుకుకొనిపోయెను. ఆ పాటలను మరల వ్రాయించి, మనుమరాండ్రకు తలకొక ప్రతి యీయవలెనని వారి కోరిక.

2008లో కాకినాడలో చదువుచున్న మా మఱిది, ఉబుంటు అను లినక్సు సీడీని తెచ్చి రాజమహేంద్రవరమున మా యింటి కంప్యూటరులో నమర్చెను. ఆ సీడీలను కోరినవారికి ఉచితముగా తపాలాలో పంపెడి రోజులవి. అత్తగారు చెప్పగా మేము పాటలు టైపు చేసితిమి. ప్రింటరు మాత్రము కదలలేదు. మఱిది రెండు రాత్రులు నల్లని తెరపై నేవేవో యాజ్ఞలు వ్రాసి, "సెలవులలో చూతము వదినా" అనెను. సెలవులు రాకమునుపే అత్తగారు కాలము చేసిరి. పాటలు కంప్యూటరులోనే యుండిపోయినవి.

నాటి చిక్కేమనగా, యంత్రమునకును పరికరమునకును నడుమ డ్రైవరను దుబాసి యుండవలెను. తయారీదారులు పెక్కుమంది విండోసుకే దుబాసి నిచ్చి, తమ పరికరముల మర్మమును దాచెడివారు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు లోగుట్టు ఎల్లరును చూడవచ్చును, దిద్దవచ్చును. కనుక దేశదేశములవారు ఒక్కొక్క పరికరమునకు దుబాసిని సమకూర్చి యందులోనే చేర్చిరి. పిదప తయారీదారులలో ననేకులు తామే చేయి కలిపిరి. ఇటీవలి ప్రింటరులు పెక్కు ఒక యుమ్మడి భాష నేర్చియే వచ్చుచున్నవి. వానికి వేరు దుబాసితో పని లేదు.

మొన్న మనుమరాలి పెండ్లి కుదిరినప్పుడు క్రొత్త ప్రింటరు కొంటిమి. ఇంట మగవా రెవరును లేరు. బెదరుచునే తీగ తగిలించితిమి. పొయ్యిమీది యెసరు మరుగులోపల ప్రింటరు పేరు తెరపై దానంతట కనబడెను. మొదటి మంగళహారతి తెలుగక్షరములలో బయటికి వచ్చెను. సంతోషముతోపాటు కన్నీరును వచ్చినది.

సోదరీమణులారా! కొన్ని వైఫై పరికరములును, వేలిముద్ర చదువు పరికరములును నేటికిని మొరాయించుట కలదు. కావున కొనుటకు ముందే లినక్సుతో పనిచేయునా యని విచారింపుడు. పెన్‌డ్రైవునుండి లినక్సును నడిపి, కంప్యూటరులోని పాత యమరిక చెడకుండ ధ్వని, వైఫై, ప్రింటరు పరీక్షించి చూడవచ్చును. నచ్చినపిమ్మటనే స్థిరముగా నమర్చుకొనుడు.

వరదలో చెరిగిన యొక లాలిపాట కడపటి చరణము అత్తగారికే జ్ఞప్తికి రాలేదు. ఆ చోటు ఖాళీగానే యచ్చువేసితిమి. యంత్రము సులభమగువరకు వేచియుండవచ్చును గాని, పెద్దలు మనకొఱకు వేచియుండరు. మీ యింటి పాటలను నేడే వ్రాసికొనుడు.